ఏడు మానికల కూలి

వెనక తరుముకొస్తున్న మూడు తలల తోడేలుకు సరిగ్గా సమయానికి మూడో తలలో దగ్గు మొదలైంది. మిగతా రెండు తలలూ మర్యాద కొద్దీ ఆగి, దాని వీపు ఎలా తట్టాలో తెలియక ఒకదాని మొహం ఒకటి చూసుకుంటుండగా, శరభవర్మ గుర్రం వాగు దూకి ధూమ్రగిరి పొలిమేరలో పడింది.

శరభవర్మ మేఘపురి యువరాజు. అతనికి మణిలేఖ అని ఒక కవల అక్క ఉంది. అతని కంటే అర ఘడియ ముందు పుట్టి, ఆ అర ఘడియను ఇరవై ఏళ్ళుగా అతని నెత్తిన మోపుతూనే ఉన్న మనిషి. నలభై అయిదు రోజుల కిందట ఆమె మేడ మీద తల దువ్వుకుంటుంటే, కిటికీలోంచి నల్లటి పొగ లోపలికి వచ్చి జడతో సహా ఆమెను ఎత్తుకుపోయింది. దువ్వెన మాత్రం వదిలేసింది. అప్పట్నుంచి యువరాజు పొగ కనిపించిన ప్రతిచోటికీ వెళ్ళాడు. తొమ్మిది రాజ్యాల్లో వంటిళ్ళన్నీ వెతికాడు. పదో రాజ్యంలో ఆ తోడేలు పెంపుడుదట. ఆ సంగతి వాళ్ళు ముందు చెప్పలేదు.

ధూమ్రగిరి చూడగానే అతని గుర్రం కూడా నోరు తెరిచింది. ఆకాశం మీద చెయ్యి వేసి నిలబడ్డట్టున్న నీలాల కొండ. దాని నడుముకు వెండి మబ్బుల మొలతాడు. పడమటి అంచు మీద కెంపులు కరిగించి పోసినట్టున్న ఎండ. కొండ పాదాల దగ్గర నల్లని కోట, దాని బురుజుల మీద నిద్రపోతున్న రాబందులు, ఆ రాబందుల రెక్కల మీద పగడాల రంగు. ఇంత అందం మీదా చీమల బారుల్లా మనుషులు. లక్షా పదివేల మంది. అందరి నెత్తినా గంపలు. కొండను తవ్వి, గంపలకెత్తి, తూర్పు పక్కన పోస్తున్నారు.

బారు చివర్న గంప దించి ఊపిరి తీసుకుంటున్న ఒక ముసలమ్మ దగ్గర యువరాజు గుర్రం ఆపాడు. ఆమె పేరు పోలవ్వ.

"అవ్వా, ఈ కొండనెందుకు మోస్తున్నారు?"

"మా సామికి మధ్యానం నిద్రప్పుడు గాలి తగలకుండా అడ్డమొస్తాదంట నాయనా. ఆ పక్కకు మోయమన్నాడు."

"మోశాక?"

"మోసినాక పొద్దున ఎండకు అడ్డమొస్తాది. మళ్ళా ఈ పక్కకు మోస్తాం. ఇది పన్నెండో సారి. మా యమ్మ మూడో మోతలో నన్ను కనింది."

సామి అంటే ధూమ్రదంతుడనే మాంత్రికుడు. ఈ రాజ్యానికి రాజు, మంత్రి, సేనాపతి, మధ్యాహ్నం నిద్రపోయేవాడు, అన్నీ ఆయనే.

యువరాజుకు ఆకలేస్తోంది. ఒక్క గంప మోస్తే సాయంత్రం జొన్నలు పోస్తారని పోలవ్వ చెబితే, సరదాగా ఒక గంప ఎత్తుకున్నాడు. సగం మట్టి దారిలో పోసి, మిగతా సగం తన మీదే పోసుకుని, ఖాళీ గంపతో తూర్పు పక్కకు చేరాడు. పొద్దు వాలుతుంటే అందరితో పాటు కోట ముందు బారులో నిలబడ్డాడు.

అసలు వింత అక్కడే ఉంది. ధూమ్రగిరిలో అందరిదీ ఒకే పని, ఒకే గంప, ఒకే దారి. కూలి మాత్రం మనిషి మనిషికీ వేరు. కోట ముందు నేలలో పాతిన రాతి రోట్లో దూడంత కప్ప ఒకటి కూర్చుని ఉంటుంది. ఒక్కొక్కరినీ ఒక్క క్షణం చూసి కూలి చెబుతుంది. ఒకసారి బెకమంటే ఒక మానిక జొన్నలు. బెకమనకుండా ఊరికే ముక్కు చీదితే గిద్దె, అంటే మానికలో పదహారో వంతు. పక్కన సుంకయ్య అనే కొలతగాడు నిలబడి, కప్ప చెప్పినంత కొలిచి పోస్తాడు. కప్ప చీదినప్పుడల్లా అతనూ చీదుతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలవాటైంది.

కప్ప దేన్ని చూసి కూలి కడుతుందో తెలియక కూలీలు అయిదు మతాలుగా చీలిపోయారు. బలాన్ని చూస్తుందని నమ్మే ఒకతను గున్న ఏనుగంత బండను మోసుకొచ్చి కప్ప ముందు దించాడు. కప్ప రెండుసార్లు చీదింది. మర్నాడు ఒట్టి చేతులతో వచ్చాడు. అప్పుడూ రెండే చీదింది. పనితనాన్ని చూస్తుందనేవాళ్ళు గంపలో మట్టిని గోపురంలా పేర్చి, దాని మీద నిండు చెంబు పెట్టి, చుక్క తొణక్కుండా నడిచేవాళ్ళు. అనుభవాన్ని చూస్తుందనేవాళ్ళకు పోలవ్వే ఎదురు సాక్ష్యం: ముప్పై తొమ్మిదేళ్ళు మోసింది, ముప్పై తొమ్మిదేళ్ళూ గిద్దె. ప్రమాదాన్ని చూస్తుందనేవాళ్ళు లోయ అంచు మీదే నడిచేవాళ్ళు. వాళ్ళ సంఖ్య రోజురోజుకూ తగ్గిపోతుండటంతో ఆ మతం బలహీనపడింది. అయిదోది మీసాల మతం. దాని గురించి చెప్పుకోవడానికి మీసాలు తప్ప ఏమీ లేదు. రోజూ సాయంత్రం ఈ అయిదు మతాలవాళ్ళూ తన్నుకునేవాళ్ళు. మాంత్రికుడిని తన్నాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆయన ఏ మతంలోనూ లేడు.

ఒక్క విషయంలో అందరూ ఏకమయ్యారు. కప్ప చూసేది చేతుల్నే. బలమైనా, పనితనమైనా, అనుభవమైనా చేతుల్లోనే కదా తెలిసేది. అందుకని బారులో తమ వంతు రాగానే రెండు అరచేతులూ చాపి చూపించేవాళ్ళు. కాయలు కాస్తే మంచిదని చిన్నప్పట్నుంచీ గరుకురాళ్ళతో రుద్దుకునేవాళ్ళు. ఆ చేతులు ఎంత గట్టిపడ్డాయంటే, చప్పట్లు కొడితే నిప్పు రాలేది. పొయ్యిలు అలాగే వెలిగించుకునేవాళ్ళు.

యువరాజు వంతు వచ్చింది. అందరూ చాపుతున్నారు కదా అని తనూ చేతులు చాపాడు. తాంబూలాలు, వీణ, కత్తి తప్ప వేరే ఏమీ ఎరగని చేతులు.

కప్ప అయిదుసార్లు బెకబెకమంది.

కోట ముందు లక్షా పదివేల మంది ఒక్కసారి ఊపిరి పీల్చడంతో ఆ చుట్టుపక్కల కాసేపు గాలి లేకుండా పోయింది. సుంకయ్య మానికలోంచి రెండు గింజలు కింద పడ్డాయి. తనలో ఏదో ఉందని యువరాజుకు ఎప్పట్నుంచో అనుమానం. ఇప్పుడు ఒక కప్ప కూడా ఒప్పుకుంది.

ఆ సాయంత్రమే ధూమ్రగిరిలో మెత్తటి చేతుల మతం పుట్టింది. అయిదు మతాలవాళ్ళూ పాత పగలు మరిచిపోయి అందులో కలిశారు. ఇళ్ళకు పోయి చేతులు మజ్జిగలో నానబెట్టుకున్నారు. మర్నాటికి ఊళ్ళో మజ్జిగ లేదు. ఆ మర్నాటికి గంప పట్టుకోగలిగిన చేతులూ లేవు. కూలి మాత్రం ఎవరికీ గింజ కూడా పెరగలేదు. చేతులు చాలినంత మెత్తబడలేదని వాళ్ళు ఆముదం మొదలుపెట్టారు.

అయిదు మానికల మూట పక్కన పెట్టుకుని కూర్చున్న యువరాజు దగ్గరికి బుడ్డప్ప వచ్చాడు. ధూమ్రగిరిలో ఏడు మానికలు తీసుకునే ఒకే ఒక్క మనిషి. అతనికి రోజుకు ఒకటే పని: కోట లోపలి నుంచి ఒక గిన్నెడు పిండి తెచ్చి వంటింట్లో పెట్టడం. మిగతా రోజంతా బండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. చెప్పులు విప్పడు. భుజాన ఉన్న చద్దిమూట దించడు. నిద్రలో కూడా.

"అయిదంట గదా నీకు. ఫర్వాలేదు, పైకొస్తావు," అన్నాడు బుడ్డప్ప.

"లోపల ఏముంది?" అని అడిగాడు యువరాజు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"ఏముండాది, ఒక తిరగలి. దాని రాయికి ఒక ఆడమనిషి జడ కట్టేసినారు. ఆ తిరగలికి ఎవురి జడ కడితే వాళ్ళ ఏండ్లు పిండయి రాలతాయంట. దినానికి ఒక ఏడు. సామి ఆ పిండితో రొట్టెలు చేపించుకోని తింటాడు. ఆయనకు మున్నూరేండ్లు. సూస్తే నీ యీడోడే అనుకుంటావు."

"ఎవరావిడ?"

"అడగడం నా పని కాదు గదబ్బా. పిండి తేవడం వరకే. వచ్చినప్పుడు నున్నగా పాపమాదిరి ఉండె. ఇప్పుడు మా యత్తంత ఉండాది. ఎప్పుడూ ఒకటే గొణుగుడు. నేను అర గడియ ముందు పుట్టినా, నా తమ్ముడొస్తాడు, అర గడియ ఆలస్యంగానైనా వస్తాడు అని."

యువరాజు లేచి నిలబడ్డాడు. మూట ఒరిగి జొన్నలు బండ మీద పారాయి.

"ఆవిడకు వందేళ్ళు నిండితే?"

"నిండితే ఏముండాది. తిరగలి తుడిచి ఇంకొకరి జడ కట్టుకుంటారు."

యువరాజు కత్తి దూసి కోట ద్వారం మీదికి దూకాడు. ఆ ద్వారానికి కంచు సింహం మొహం. అది మాట్లాడదు, నములుతుంది. మొదటి వేటుకు నోరు తెరిచింది. రెండో వేటుకు కత్తిని పిడి దాకా చెరకుగడలా నమిలి, పిప్పి బయటికి ఉమ్మింది. యువరాజు గోడెక్కాడు. అతను ఎక్కేకొద్దీ గోడ పెరిగింది. మబ్బులు దాటి, రాబందుల్ని దాటి, పగటిపూట చుక్కలు కనిపించేదాకా ఎక్కి చూస్తే, కోట కొమ్ము ఎప్పటిలాగే అతని తలకు రెండు మూరల పైన ఉంది. దిగి సొరంగం తవ్వాడు. అది సుంకయ్య పెరట్లో తేలింది. సుంకయ్య భార్య అప్పుడే అలికిన చోటు కావడంతో, అక్కడ జరిగిన యుద్ధంలో యువరాజు ఓడిపోయాడు.

"అట్లా కాదబ్బా," అన్నాడు బుడ్డప్ప, బండ మీద నుంచి కదలకుండా. "ఆ పొద్దు సంపాదించిన ఏడు మానికలు నెత్తిన పెట్టుకోని పోతే అది దారిస్తాది. ఏడు కావల్ల. ఆరుకు నములుతాది."

యువరాజు బుడ్డప్ప జొన్నలు అరువు తీసుకుని నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. సింహం మూటను వాసన చూసింది, అతన్ని వాసన చూసింది, రెండూ ఒకటి కాదని తేల్చుకుని, అతన్ని ఏడు బారల దూరం ఊదేసింది. జొన్నల్ని మాత్రం జాగ్రత్తగా కింద పెట్టింది.

ఇక సంపాదించడమే మిగిలింది. అయిదు ఉంది, ఏడు కావాలి. రెండు మానికలు. అంత కప్ప మెప్పు పొందినవాడికి అదెంత పని అనుకున్నాడు యువరాజు.

మర్నాడు నలభై గంపలు మోశాడు. కప్ప నాలుగుసార్లు బెకమంది.

ఆ మర్నాడు వంద గంపలు మోశాడు. రెండుసార్లు బెకమంది.

మూడో రోజు రెండేసి గంపలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని పరుగెత్తాడు. మెడ భుజాల్లోకి దిగిపోయింది. కళ్ళ ముందు పగలే చీకట్లు కమ్మాయి. కప్ప ఒకసారి బెకమంది, అదీ ఆలోచించి. ఆ రోజే అతని గుర్రం కట్టు తెంచుకుని, దారిన పోతున్న ఒక ఉలవల వర్తకుడి వెంట వెళ్ళిపోయింది. పోతూ ఒకసారి వెనక్కి తిరిగి, యువరాజు నెత్తి మీది గంపల్ని చూసి, నడక వేగం పెంచింది.

నాలుగో రోజు అతను ఎన్ని గంపలు మోశాడో లెక్క పెట్టడానికి ఎవరికీ అంకెలు చాలలేదు. కొండ ఆ ఒక్కరోజే కనిపించేంతగా కుంగింది. సాయంత్రం పాకుతూ వచ్చి కప్ప ముందు నిలబడ్డాడు. అరచేతుల తోలు లేచి, నెత్తురు కారుతోంది.

కప్ప ముక్కు చీదింది. సుంకయ్య కూడా చీది, గిద్దెడు జొన్నలు పోశాడు.

లోపల మణిలేఖకు ఆ నాలుగు రోజుల్లో నాలుగేళ్ళు తరిగిపోయాయి.

ఆ గిద్దెడు జొన్నలు గుప్పిట్లో పట్టుకుని యువరాజు బండ దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. పోలవ్వ అతని చేతులకు పసుపు అద్దుతోంది.

"నేను మోసేది పెరుగుతోంది, కూలి తగ్గుతోంది. ఈ కప్పకు లెక్కలు రావా?" అన్నాడు యువరాజు.

"దానికొచ్చినంత బాగా ఎవురికీ రావు," అన్నాడు బుడ్డప్ప. "ఒకటి సెప్పు. కప్పకు మెడ ఉంటాదా?"

"ఉండదు."

"మెడ లేనిది, రోట్లో కూసున్నది, తలకాయెత్తి పైకెట్లా సూస్తాది? మీ చేతులు దానికి ఏ పొద్దూ కనపళ్ళేదు. దానికి కనపడేవి కాళ్ళు."

పోలవ్వ పసుపు అద్దడం ఆపింది.

"కాళ్ళల్లో ఏముంది?" అన్నాడు యువరాజు.

"పోయే దారుండాది. నా కాళ్ళు సూడు. కొండకవతల మా మామకు ఎనభై గేదెలు. మగపిల్లోళ్ళు లేరు. అల్లుడా ఎప్పుడొస్తావు అని దినామూ మనిషిని తోలతాడు. పాలు పిండాలంటే బద్దకమై నేను పోలేదు. నన్ను ఈడ నిలపాలంటే ఏడు కావల్ల. ఆరిస్తే చెప్పుల్లోనే ఉండా, పోతా. కప్పకు తెలుసు. మనిషి పోకుండా నిలిచేదానికి ఎంత సాలుతాదో అంతే ఇస్తాది. ఒక గింజ ఎక్కువ ఇయ్యదు. నువ్వు వచ్చినప్పుడు నీకీడ ఏమీ అక్కర్లే. గుర్రముండె, రాజ్యముండె. అయిదు అనె. ఇప్పుడు నిన్ను మెడబట్టి గెంటినా పోవు. పోనోనికి కూలి ఎందుకు?"

"ఆ ఏడు మానికల ద్వారం సంగతి?"

"లోపల ఏమీ అక్కర్లేనోనికే లోపలికి దారి. కావాలనుకున్నోడు లోపలికి పోతే ఎత్తకపోతాడు గదా. సామి బుద్దిమంతుడు."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్పడం నా పని కాదు," అన్నాడు బుడ్డప్ప.

పోలవ్వ తన కాళ్ళకేసి చూసుకుంది. బురద ఎండి పగుళ్ళు తేలిన కాళ్ళు. "నేనేడికి పోదును," అంది. "గుడిసెలో ముగ్గురు మనవరాండ్లు. వాళ్ళ నాయన లోయంచు మీద నడిచే మతం. గిద్దె ఇచ్చినా ఉంటా, ఇయ్యకున్నా ఉంటా." తన అరచేతులు చూసుకుని, "ముప్పై తొమ్మిదేండ్లు చేతులు రుద్దుకుంటినే," అంది. మళ్ళీ పసుపు తీసుకుంది.

ఈ రహస్యం ఆ పూటకే ఊరంతా పాకింది. మర్నాటి సాయంత్రం లక్షా పదివేల మంది చెప్పులు తొడుక్కుని, భుజాన మూటలు వేసుకుని, పాదాలు కొండకవతలికి తిప్పి నిలబడ్డారు. కప్ప అందరికీ పాత కూలే చెప్పింది. పాదం ఎటు తిరిగిందో కాదు దానికి కావలసింది, అడుగు నిజంగా పడుతుందా లేదా అన్నది. ఊళ్ళో చెప్పుల మతం అని కొత్త మతం ఒకటి మిగిలింది. యువరాజు కూడా చెప్పులు తొడుక్కుని, ఈల వేస్తూ, ఎటో వెళ్ళిపోయేవాడిలా వెళ్ళి నిలబడ్డాడు. కప్ప రెండుసార్లు చీదింది. ఒకటి కూలి. రెండోది అభిప్రాయం.

"నటిస్తే కాదు నాయనా," అంది పోలవ్వ. "నిజంగానే నీకేమీ అక్కర్లేకుండా పోవల్ల."

"అదెలా కుదురుతుంది? లోపల మా అక్క ఉంది."

పోలవ్వ కొంగు ముడి విప్పి ఎండిన తీగ ఒకటి తీసింది. వేలెడు పొడవు, బూడిద రంగు. "మరపుతీగ. ఇంట్లో మనిషి పోయి పిచ్చెక్కినోళ్ళకు పెడతాం. పోయినోళ్ళను మరిచిపోతారు. ఉన్నోళ్ళను కూడా మరిచిపోతారు. అదొక్కటే దీంతో ఇబ్బంది."

"ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"ఎవురికి తెలుసు. తిన్నోడెవుడూ సెప్పేదానికి గుర్తుపెట్టుకోలేదు."

యువరాజు ఆలోచించాడు. తిననంత కాలం లోపలికి పోలేడు. తింటే, పోయినవాడు తను కాదు. ఇంతలో కోట లోపలి నుంచి తిరగలి చప్పుడు వినిపించింది. నిన్నటి కంటే నెమ్మదిగా ఉంది.

"నేను ద్వారం దాటగానే, అది మూసుకునేలోగా, గట్టిగా అరిచి చెప్పు అవ్వా. మణిలేఖ, నీ అక్క, తిరగలి తిప్పే మనిషే అని. ముందే అరిస్తే సింహం నమిలేస్తుంది. ఆలస్యమైతే వినిపించదు."

"అరుస్తాలే నాయనా."

తీగ నోట్లో వేసుకుని నమిలాడు.

ముందు గుర్రం పేరు పోయింది. తర్వాత మేఘపురి ఏడు సింహద్వారాలూ ఒక్కొక్కటే మూసుకున్నాయి. చలువరాతి మెట్లు, మెట్ల పక్కన సంపెంగలు, సంపెంగల కింద తడి ఇసక, ఆ ఇసక మీద రెండు జతల చిన్న పాదాల గుర్తులు, అన్నీ ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు చెరిగిపోయాయి. తల్లి మొహం పోయింది, తండ్రి గొంతు పోయింది. చివరికి మేడ మీద తల దువ్వుకుంటున్న ఒక అమ్మాయి మిగిలింది. ఎవరో పిలిచినట్టు ఆమె ఇటు తిరగబోయింది. తిరిగేలోగా ఆమె కూడా లేదు.

కోట ముందు బారులో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికి తెలియదు. కదలడానికీ కారణం లేదు, ఆగడానికీ కారణం లేదు. అతని రెండు కాళ్ళూ నాలుగు దిక్కులకూ ఒకేలా సిద్ధంగా ఉన్నాయి.

కప్ప ఆ కాళ్ళను చాలాసేపు చూసింది. ఏడుసార్లు బెకబెకమంది. ఏడోసారి గొంతులో కాస్త గౌరవం కూడా వినిపించింది.

సుంకయ్య ఏడు మానికలు కొలిచి, మూట కట్టి, నెత్తికెత్తాడు. "ఏడు మానికలోళ్ళకు పని లోపల. సామి ఇంకొక మనిషి కావాలంటుండాడు. పో."

"సరే," అన్నాడు యువకుడు. పొమ్మన్న చోటికి పోవడంలో అతనికి అభ్యంతరం కనిపించలేదు. కంచు సింహం మూటను వాసన చూసింది. మనిషిని వాసన చూసింది. ఆ మనిషిలో ఏ కోరికా వాసన రాకపోవడంతో, నోరు బార్లా తెరిచింది. అతను కోరల మధ్య నుంచి నడిచి వెళ్ళాడు. దవడలు మూసుకోవడం మొదలుపెట్టాయి.

"మణిలేఖ," అని వెనక నుంచి కేక. "మణిలేఖ నీ యక్క. తిరగలి తిప్పే యమ్మ నీ యక్క నాయనా. నీ యక్క."

అతను ఆగి విన్నాడు. బయట ఎవరో ముసలావిడ ఎవరినో పిలుస్తోంది. గొంతు పగిలేలా పిలుస్తోంది. పాపం, ఆ మనిషెవరో తొందరగా పలికితే బాగుండు అనుకున్నాడు. కోరలు మూసుకున్నాయి. కేక తెగిపోయింది.

లోపల స్ఫటికాల స్తంభాల నడవ. ప్రతి స్తంభంలోనూ ఒక నీలి దీపం, ప్రతి దీపం చుట్టూ వజ్రాల రెక్కల చిమ్మటలు. పైకప్పు నుంచి ముత్యాల జాలర్లు వేలాడుతున్నాయి. నడవ చివర ఏనుగు వెడల్పున్న నల్లరాతి తిరగలి. దాని పై రాయికి తెల్లని జడ ఒకటి మూడు చుట్లు చుట్టి, ముడి వేసి ఉంది. ఆ జడ వెంట చూపు నడిపిస్తే, చివర్న, రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పుతున్న ముడతలు పడ్డ ఒక ముసలామె. రాళ్ళ మధ్య నుంచి తెల్లని పిండి సన్నగా రాలుతోంది.

అడుగుల చప్పుడుకు ఆమె తలెత్తింది. చేతులు ఆగిపోయాయి.

"శరభా," అంది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"ఎవర్ని పిలుస్తున్నారవ్వా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. కాసేపటికి ఆమె పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. "ఇప్పుడా నీ వేళాకోళం. చాల్లేరా. ఎంత ఆలస్యం చేశావో చూడు నన్ను. తొందరగా ఈ ముడి విప్పు."

"ఏ ముడి?"

"నా జడ ముడి. విప్పితే చాలు, పిండైన ఏళ్ళు మళ్ళీ వెనక్కొస్తాయి. నా చేతికి అందదు. విప్పు."

అతను ముడిని చూశాడు. మామూలు ముడి. ఒక్క కొస పట్టుకుని లాగితే ఊడిపోతుంది. "అది నా పనో కాదో తెలియదవ్వా. కనుక్కుని చెబుతాను," అన్నాడు మర్యాదగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. అతని కళ్ళలో ఆ కంటి నుంచి ఈ కంటికి, ఈ కంటి నుంచి ఆ కంటికి వెతికింది. అక్కడ తనకు తెలిసినవాడెవడూ దొరకలేదు.

అవతలి తలుపు తెరుచుకుంది. పాతికేళ్ళ అందగాడు పట్టుపంచె సర్దుకుంటూ, అప్పుడే నిద్ర లేచినట్టు ఆవులిస్తూ వచ్చాడు. ఆవులింతలో పళ్ళు కనిపించాయి. పొగ పట్టిన వంటింటి గోడలా నల్లగా ఉన్నాయి. ధూమ్రదంతుడు ముందు కొత్తవాడి కాళ్ళు చూశాడు. తృప్తిగా తలాడించాడు.

"ముసలిది నెమ్మదించింది. రొట్టె చిన్నదైపోతోంది," అన్నాడు. "నువ్వు అవతలి పిడి పట్టుకుని దీంతో పాటు తిప్పు. రోజుకు మూడేళ్ళు రాలాలి. ఎనిమిది మానికలిస్తాను."

ఎనిమిది మానికలు ధూమ్రగిరిలో పుట్టి ఎవరూ తీసుకోలేదు. కప్ప గొంతులో కూడా ఆ అంకె లేదు.

"సరేనండి," అన్నాడు యువకుడు. మూట దించి పక్కన పెట్టాడు. పసుపు అద్దిన అరచేతులు పంచెకు తుడుచుకుని, తిరగలికి అవతల కూర్చుని, పిడి పట్టుకున్నాడు. రాయి కదిలింది. ముసలామె చేతులు దాంతో పాటే ముందుకు ఈడ్చుకుపోయాయి. జడ బిగుసుకుంది.

మాంత్రికుడు రెండు చుట్లు చూసి, పని బాగుందనుకుని, మళ్ళీ పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

"మెల్లగా తిప్పు తమ్ముడూ," అంది ఆమె.

"మెల్లగా తిప్పడానికేనా అవ్వా ఎనిమిది ఇచ్చేది," అన్నాడు శరభవర్మ, రెండో చెయ్యి కూడా వేస్తూ.